భీమరాజు గారి దవడ పన్ను

ఆ ఆదివారం భీమరాజు గారి కార్యక్రమం చాలా సులువైనది. ఏడింటికి చెరువుల మీదికి వెళ్ళి రొయ్యల మేత చూసుకోవడం, తొమ్మిదింటికి స్నానం, పదింటికల్లా భార్య జానకీదేవితోనూ, సంబంధం కుదిర్చిన పల్లంరాజుతోనూ కలిసి కారెక్కడం. చించినాడ వంతెన దాటితే రాజోలు పక్కనే కాబోయే వియ్యంకుడు సత్యనారాయణరాజు గారి ఊరు. అక్కడ సుష్టుగా భోంచేసి, కూతురి తాంబూలాలకి రోజు ఖాయం చేసుకుని, చీకటి పడకుండా భీమవరం తిరిగొచ్చేయాలి. ఇందులో కష్టపడాల్సిందేమీ లేదు. అందులోనూ భోజనం దగ్గర ఆయన ఎప్పుడూ తన పేరుకి మాట రానివ్వలేదు.

అయితే ఆయన కన్నా ముందే ఆయన ఎడమవైపు కింది దవడ పన్ను నిద్ర లేచింది. లేచింది లేచినట్టే కూర్చోక పోటు మొదలుపెట్టింది. కాఫీ తాగబోతే చెవిదాకా లాగింది. గాలి పీలిస్తే కణతదాకా పాకింది.

ఆ పంటికి పుచ్చు పట్టి మూడేళ్ళయింది. రాత్రి భోజనమయ్యాక పడక్కుర్చీలో వాలి, ఒక కాజా బుగ్గన పెట్టుకుని, అది కరిగేలోపు నిద్రపోవడం భీమరాజు గారికి అలవాటు. పగలంతా వక్క. పళ్ళు తోమడం పొద్దున్న ఒక్కసారే, అదీ ఫోనులో రొయ్యల ధరలు వింటూ. ఇంతా చేసి ఆయన కూతురు హేమశ్రీ పళ్ళ డాక్టరు. భీమవరంలో జువ్వలపాలెం రోడ్డులో ఒక క్లినిక్‌లో నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ఊళ్ళో సగం మంది నోళ్ళు ఆమె చూసింది గానీ, కన్నతండ్రి నోరు మాత్రం అన్నం తినేటప్పుడు తప్ప చూడలేదు. "ఆర్నెల్లకోసారి ఓ పది నిమిషాలు రండి నాన్నగారూ" అని ఆమె అడిగినప్పుడల్లా ఆయనకి చెరువులో నీళ్ళు మార్చాల్సిన పని పడేది. లేకపోతే రొయ్యల పట్టుబడి ఉండేది. రొయ్య మీసం కాస్త ఎర్రబడితే గట్టు మీదినుంచే పసిగట్టగల మనిషి, సొంత నోట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. ఎందుకంటే పదేళ్ళ వయసులో ఒక కాంపౌండరు మత్తు మందు లేకుండా ఆయన పన్నొకటి పీకాడు. కాళ్ళు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది. ఇప్పటికీ ఆ కాంపౌండరు ఇంటి వీధిలోకి ఆయన కారు తిరగదు.

కాబట్టి ఆ ఉదయం కూడా ఆయన ఎవరికీ చెప్పలేదు. వంటింట్లోంచి ఒక లవంగం తెచ్చుకుని, దవడకి నొక్కి, పెదవులు బిగించి పట్టుపంచె కట్టుకున్నారు.

క్లినిక్‌కి బయల్దేరుతూ హేమశ్రీ గుమ్మంలో ఆగింది. "ఏంటి నాన్నగారూ, పొద్దున్నుంచీ మాట్లాడట్లేదు?"

ఆయన దగ్గి, గొంతు చూపించి, చేత్తో ఏదో అభినయించారు. ఆమె ఒక్క క్షణం ముక్కెగరేసి వాసన చూసి, ఏమీ అనకుండా స్కూటీ ఎక్కింది.

* * *

కారు దిగేటప్పటికి సత్యనారాయణరాజు గారు గేటు దగ్గర లేరు. చిన్నవాళ్ళున్నారు, ఆడవాళ్ళున్నారు, ఆయన తల్లి పెద్దింట్లమ్మ గారు చేతికర్రతో సహా ఉన్నారు. ఇంటాయన మాత్రం లేరు. వియ్యాలవారు మొదటిసారి వస్తుంటే ఇంటి యజమాని కారు తలుపు దాకా ఎదురురావాలన్నది ఆ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం కాదు. పల్లంరాజు కనుబొమ్మలు రెండూ దగ్గరికొచ్చాయి. ఐదు నిమిషాల తర్వాత సత్యనారాయణరాజు గారు పెరటి వైపునుంచి తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చారు.

"రండి రండి బావగారూ, దయచేయండి. ఆయ్, చెల్లెమ్మా, రండమ్మా."

భీమరాజు గారు నమస్కారం పెట్టారు గానీ నోరు విప్పలేదు. ఎదురొచ్చారో లేదో గమనించే స్థితిలో ఆయన లేరు. దారిలో చెక్ పోస్టు దగ్గర గతుకుల్లో లవంగం జారి ఎటో పోయింది.

కూర్చోగానే ఫ్రిజ్‌లోంచి తీసిన కొబ్బరి నీళ్ళు గ్లాసుల్లో పోసి ఇచ్చారు. ఒక్క గుక్క లోపలికి వెళ్ళిందో లేదో, ఎడమ దవడనుంచి మెరుపొకటి నడినెత్తికెక్కింది. ఆయన గ్లాసు టీపాయ్ మీద టక్కున పెట్టేసి, కళ్ళల్లో నీళ్ళు కనబడకుండా గోడ మీద క్యాలెండరు వైపు తిరిగారు.

"ఏం బాబూ, మా బొండాలు నచ్చలేదా?" అన్నారు పెద్దింట్లమ్మ గారు.

నచ్చాయని చెప్పాలంటే నోరు తెరవాలి. ఆయన చెయ్యి ఊపి ఊరుకున్నారు.

ఇంతవరకూ అయితే ఏదో ఒకటి చెప్పి బయటపడేవారే. కానీ అప్పుడే పెద్దింట్లమ్మ గారు సంతోషం పట్టలేక, "మా మనవడు శీనుగాడు అదృష్టవంతుడండి. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో వాడి ఉద్యోగం వాడిదనుకోండి, ఇంట్లోనే పళ్ళ డాక్టరుంటే ఇంకేం కావాలి?" అన్నారు.

పల్లంరాజు అందుకున్నాడు. పొగడటం మొదలుపెడితే పల్లంరాజుకి ఆనకట్ట కట్టినవాడు ఇంకా పుట్టలేదు. "మరేంటనుకున్నారండీ! ఆ పిల్ల చెయ్యి అలాంటిది. వాళ్ళింట్లో ఆర్నెల్లకోసారి అందరూ నోరు చూపించుకోవాల్సిందే. మా భీమరాజు గారి నోట్లో ముప్పై రెండూ ముత్యాలేనండి. కావాలంటే చూడండి!"

పదిహేను మంది భీమరాజు గారి మూతి వైపు చూశారు. ఆయన పెదవులు ఇంకొంచెం బిగించారు. ఆ క్షణంలోనే ఆయనకి సంగతంతా అర్థమైపోయింది. ఇప్పుడు నోరు తెరిచి పుచ్చు పన్ను చూపిస్తే నవ్వులపాలయ్యేది తను కాదు, హేమ. సొంత తండ్రి పన్ను బాగుచేయలేని డాక్టరు ఎవరికి కావాలంటారు. ఎంత ఇష్టపడిందో పిల్ల! ఆ అబ్బాయి పేరు చెప్తే దాని మొహం వెలిగిపోవడం ఆయన కళ్ళారా చూశారు. చచ్చినా సరే ఈ ఇంట్లోంచి బయటపడేదాకా నోరు విప్పకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నారు.

కాజాలొచ్చాయి. వద్దన్నారు. జంతికలొచ్చాయి, పళ్ళెం పక్కకి జరిపారు. కాఫీ వచ్చి, చల్లారి, మీగడ కట్టి వెనక్కి వెళ్ళిపోయింది.

వరండాలో సత్యనారాయణరాజు గారు పల్లంరాజుని పక్కకి లాగారు. "ఏమైందండీ ఆయనకి?"

"ఏమవడం ఏంటండీ! గేటు దగ్గర మీరు లేరు కదా. ఆయన మనసులో పెట్టేసుకున్నారు. ఆయన తాతగారు ఇంతకన్నా చిన్న విషయానికి ఏడాదిపాటు అన్నగారింట్లో మంచినీళ్ళు ముట్టలేదు. వాళ్ళ రక్తం అలాంటిదండి."

సత్యనారాయణరాజు గారి మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి ఆగి, బుగ్గ మీద చెయ్యి వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

* * *

భోజనాల దగ్గర వ్యవహారం పాకాన పడింది. అరిటాకుల్లో నాటుకోడి, పీతల కూర, బొమ్మిడాయిల పులుసు, రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు, గారెలు. ఆ పన్నుకి తగలకుండా లోపలికి వెళ్ళేది ఆకు చివర ఉప్పొక్కటే. భీమరాజు గారు ఆకు ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పీతకాలు వంక చూస్తూ ఉండిపోయారు. వియ్యంకుడు చెయ్యి పెడితేగానీ ఇంటాయన చెయ్యి పెట్టకూడదు. ఇంటాయన పెడితేగానీ మిగతావాళ్ళు పెట్టకూడదు. ఇరవై మంది ఆకుల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పులుసు పొగలు ఆగిపోయాయి.

"బావగారు ముద్ద ముట్టకపోతే ఈ ఇంట్లో ఎవరమూ ముట్టం" అని సత్యనారాయణరాజు గారు ఆకు ముందునుంచి లేచారు. ఆయన వెనకాలే ఇరవై మందీ లేచారు. రొయ్యల వేపుడు వైపు చూసి చూసి లేచినవాళ్ళూ ఉన్నారు.

జానకీదేవి భర్తని పక్కగదిలోకి లాక్కెళ్ళి తలుపేసింది. "ఏంటండీ ఇది? సంబంధం ఇష్టం లేకపోతే ఇంటి దగ్గరే చెప్పాల్సింది. పిల్ల మనసు పడ్డాక ఇప్పుడా అలిగేది? ఏం తక్కువ చేశారని మీకు?"

ఆయన బుగ్గ చూపించబోయారు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోను మోగింది. హేమశ్రీ.

"అమ్మా, నాన్నగారు భోంచేశారా?"

"ముద్ద ముట్టలేదే తల్లీ. మాటా పలుకూ లేదు. నాకేం అర్థం కావట్లేదు."

"కాజా?"

"కాజా కూడా తినలేదు."

"నేను వస్తున్నాను" అని ఫోను పెట్టేసింది.

జానకీదేవి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, "మా అమ్మాయి వస్తోందంటండి" అనేసింది. తాంబూలాలు కాకముందే పెళ్ళికూతురు అత్తవారింటికి తనంతట తాను రావడం ఆ చుట్టుపక్కల ఎవరూ కనీ వినీ ఎరుగరు. ఎందుకొస్తుంది? సంబంధం వద్దని మొహం మీదే చెప్పడానికి. ఇంకెందుకొస్తుంది? పెద్దింట్లమ్మ గారు కూలబడి, "అప్పాజీ గారికి కబురు పెట్టండర్రా" అన్నారు.

అప్పాజీ ఆ ఊరి పెద్దమనిషి. తెగిన సంబంధాలు అతకడంలో ఆయనకి పేరుంది. వచ్చి, విషయం విని, ఒక చుట్ట కాల్చి తీర్పు చెప్పారు. "జరిగిన లోపం జరగనట్టు చేయాలి. అంతే. భీమరాజు గారిని మళ్ళీ కారెక్కించండి. కాలవ వంతెన దాకా తీసుకెళ్ళి వెనక్కి తీసుకురండి. ఆయన ఇప్పుడే వస్తున్నారన్నమాట. ఈసారి సత్యనారాయణరాజు గారు గేటు దగ్గరుంటారు. కోవెల సన్నాయి వాళ్ళని పిలిపించండి."

భీమరాజు గారు రెండు చేతులూ జోడించి వద్దు వద్దని తల ఊపారు. "చూశారా, ఇంకా కోపం దిగలేదు" అన్నాడు పల్లంరాజు, ఆయన్ని కారులోకి నెడుతూ.

కాలవ వంతెన దాకా రెండు స్పీడు బ్రేకర్లు. వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు. భీమరాజు గారు నాలుగింటినీ దవడతో లెక్కపెట్టారు. అక్కణ్ణుంచి అటే ఇంటికి పారిపోదామని మనసులో అనిపించింది గానీ, పక్కన పల్లంరాజు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని ఓదారుస్తున్నాడు.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఊరు ఊరంతా ఉంది. సన్నాయి ఎత్తుకుంది. ఆడవాళ్ళు హారతిచ్చారు. సత్యనారాయణరాజు గారు స్వయంగా కారు తలుపు తీసి, మెడలో దండ వేసి, "తప్పయిపోయింది బావగారూ, మనసులో పెట్టుకోకండి" అని, నోరు తీపి చేయడానికి వెండి పళ్ళెంలోంచి ఉసిరికాయంత పటికబెల్లం ముక్క తీశారు. భీమరాజు గారు మొహం కుడివైపు తిప్పారు. అలక ఇంకా తీరలేదనుకుని సత్యనారాయణరాజు గారు ప్రేమకొద్దీ ఎడమ బుగ్గలోకి కుక్కారు.

భీమరాజు గారు పెట్టిన కేక కాలవ అవతలి గట్టు మీద గేదెలు కూడా విన్నాయి. సన్నాయి మధ్యలో ఆగిపోయింది. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆపేసినట్టయింది. ఆయన బుగ్గ పట్టుకుని గేటు పక్క అరుగు మీద కూలబడ్డారు.

అప్పుడే అద్దె కారొకటి వచ్చి ఆగింది. హేమశ్రీ దిగింది, డాక్టరు కోటు కూడా విప్పలేదు. జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఆమె ఎవరినీ పలకరించకుండా తిన్నగా తండ్రి ముందుకొచ్చి, ఫోనులో లైటు వెలిగించింది.

"నాన్నగారూ, నోరు తెరవండి."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"లవంగం వాసన పొద్దున్నే పట్టానండి నేను. కాజా తినలేదని అమ్మ చెప్పగానే ఖాయమైపోయింది. తెరవండి."

ఆయన తెరిచారు. ఆమె చూసింది. ఊరంతా చూసింది. ముత్యాల్లో ఎడమవైపుది నల్లగా బొక్కపడి ఉంది. భీమరాజు గారు ఇంక ఆపుకోలేకపోయారు.

"అయ్యా, మీ అందరికీ చెప్తున్నానండి. ఇందులో మా అమ్మాయి తప్పేమీ లేదు. నాలుగేళ్ళనుంచి చూస్తానని వెంటపడుతుంటే, పిరికితనంతో తప్పించుకు తిరిగింది నేనండి. నాకు ఎవరి మీదా కోపం లేదు. గేటూ చూడలేదు, దారీ చూడలేదు. నా పన్ను చూసి మా పిల్లని తక్కువ చేయకండి, మీకు దండం పెడతాను" అన్నారు.

అందరి కళ్ళూ సత్యనారాయణరాజు గారి మీదికి తిరిగాయి. ఆయన పటికబెల్లం పళ్ళెం పల్లంరాజు చేతిలో పెట్టి, మెల్లిగా నాలుగడుగులు ముందుకేశారు.

"అమ్మా," అన్నారాయన బొంగురు గొంతుతో, "ఆ లైటు ఇటు కూడా ఓసారి వెయ్యి తల్లీ."

అరుగు మీద భీమరాజు గారి పక్కనే కూర్చుని నోరు తెరిచేశారు.

కుడివైపు, కింద, రెండు పుచ్చు పళ్ళు.

"ఎనిమిది రోజులైందండి బావగారూ" అన్నారు, ఆమె చూడటం అయ్యాక. "మీ కారొచ్చేసరికి పెరట్లో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను. భోజనం దగ్గర ఆ పీతకాలు చూసి ఎలా కొరకాలా అని వణికిపోతుంటే, మీరు చెయ్యి పెట్టలేదు. దేవుడే మీ రూపంలో వచ్చాడనుకుని ముందు లేచింది నేనే కదండీ!"

"మరి చెప్పొచ్చుగా బావగారూ?"

"ఎలా చెప్పనండి? పళ్ళ డాక్టర్ని కోడలిగా చేసుకుంటోంది తన పళ్ళ కోసమేనని మీరనుకోరూ?"

మొదట పెద్దింట్లమ్మ గారు నవ్వారు. తర్వాత జానకీదేవి, తర్వాత ఊరు. సన్నాయి ఆయన ఎందుకైనా మంచిదని మళ్ళీ అందుకున్నాడు. భీమరాజు గారు కూడా నవ్వబోయి బుగ్గ పట్టుకున్నారు. పన్ను ఇంకా సలుపుతూనే ఉంది గానీ, గుండెల మీదినుంచి బండ దిగిపోయింది. పొద్దున్నుంచీ మొదటిసారి హాయిగా గాలి పీల్చుకున్నారు, ముక్కుతో.

"కన్నతండ్రి చేత నలుగురిలో నోరు తెరిపించింది. మా ఇంటికి ఇలాంటి పిల్లే కావాలి" అని తేల్చేశారు పెద్దింట్లమ్మ గారు. "నాకు మిగిలినవి మూడేనమ్మా. వాటినీ చూసిపెడతావా?"

హేమశ్రీ చూసింది. ఆ మూడూ గట్టిగానే ఉన్నాయి. "ఇద్దరిదీ ఒకటే కథండి" అంది వియ్యంకులిద్దరి ముందూ నిలబడి. "తీపి పంటికి అంటుకుని రాత్రంతా ఉండిపోతుంది. ముందు చిన్న మచ్చ. అప్పుడొస్తే పది నిమిషాల పని, నొప్పి కూడా తెలియదు. రారు. మచ్చ బొక్క అవుతుంది, అప్పుడూ రారు. లోపల నరాన్ని తాకాక లవంగాలు వెతుక్కుంటారు. లవంగం కాసేపు నొప్పిని మరిపిస్తుంది గానీ పుచ్చు ఆగదు. నాన్నగారూ, రొయ్యలు నీటి మీద తేలేదాకా మీరు చెరువు దగ్గరికి వెళ్ళకుండా ఉంటారా?"

భీమరాజు గారు తల దించుకున్నారు. చదువుకున్నవాళ్ళు ఎన్ని చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. తేలాక వెళ్ళి చేసేదేమీ ఉండదని ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు.

ఆమె ఇద్దరికీ వేరే జబ్బులేమైనా ఉన్నాయేమో కనుక్కుని మాత్రలిచ్చింది. అరగంటకి నొప్పి సద్దుమణిగింది. వియ్యంకులిద్దరికీ మెత్తగా కలిపిన పెరుగన్నం పెట్టారు. మిగతా పద్దెనిమిది మందీ, అప్పాజీ గారూ, సన్నాయి వాళ్ళూ కలిసి పీతల సంగతి చూసుకున్నారు.

* * *

సోమవారం పదింటికి క్లినిక్‌లో పక్కపక్క కుర్చీల్లో ఇద్దరూ వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఒకరిని హేమశ్రీ చూస్తోంది, ఇంకొకరిని పెద్ద డాక్టరు గారు. భీమరాజు గారు కుర్చీ చేతులు బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాంపౌండరు కోసం ఎదురుచూస్తున్నారు. చీమ కుట్టినట్టు ఒక సూది. తర్వాత బుగ్గ మొద్దుబారింది. తర్వాత ఏదో గిర్రుమని శబ్దం. చాలాసేపటికి ఇక ఉండబట్టలేక, వంకరపోయిన మూతితో అడిగారు.

"ఎప్పుడు మొదలుపెడతావమ్మా?"

"ఇవాళ్టికి అయిపోయింది నాన్నగారూ. లేవండి."

ఆయన లేచి కూర్చుని నాలుకతో తడిమి చూసుకున్నారు. పన్ను ఉంది. నొప్పి లేదు. నలభై రెండేళ్ళ భయం నలభై నిమిషాల్లో పోయింది. కూతురి చెయ్యి పట్టుకుని ఏదో అనబోయారు గానీ మాట రాలేదు. మత్తు వల్లనని ఆమె అనుకుంది, ఆయనా కాదనలేదు.

"బావగారూ, రెండో సిట్టింగు ఎప్పుడండి?" అన్నారు సత్యనారాయణరాజు గారు పక్క కుర్చీలోంచి.

"వచ్చే సోమవారమండి."

"అయితే తాంబూలాలు ఆపై బుధవారం పెట్టుకుందాం. ఆ వారంలో అదొక్కటే మంచిరోజని మా పంతులు గారన్నారు."

బుధవారం వియ్యంకులిద్దరూ పోటీలు పడి తిన్నారు. ఆ హడావిడిలో సంబంధం కుదిర్చిన పల్లంరాజుకి ఆకు వేయడం మర్చిపోయారు. అతను నిజంగానే అలిగి, నోరు బిగించుకుని, మండపం మూల కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ బతిమాలలేదు, లైటు తెచ్చి నోరు తెరవమన్నారు.